కలిసి ఒక్క షిఫ్టు

బాయిలో అందరికంటే ముందు అడుగు వేసేది యిర్మియా. మిషను నడిపేవాళ్లు, బొగ్గు ఎత్తేవాళ్లు, తీగలు లాగేవాళ్లు ఎందరున్నా వెనకే ఆగిపోతారు. అతనొక్కడే ముందుకు వెళ్లి, ఇనుప కడ్డీతో పైకప్పును అక్కడా ఇక్కడా తట్టి, వెనక్కి తిరిగి "రాండ్రి" అంటాడు. అప్పుడు కదులుతారు. గోదావరిఖనిలో భూమి లోపలి గనిని బాయి అనే అంటారు. ఆ బాయిలో మనిషి నెత్తిమీద ఉండేది రాయి. రాయి గట్టిదైతే కడ్డీ తగలగానే కంగున మోగుతుంది. పొర విడిపోయి ఉంటే చప్పుడు చచ్చుగా, లోపలేదో బోలుగా ఉన్నట్టు వస్తుంది. అలాంటి చోట ముందు ఆ పెచ్చును రాల్చాలి, కింద దుంగ నిలబెట్టాలి, ఆ తర్వాతే పని. ముప్పై ఏళ్లకు పైగా ఆ చప్పుడు వినడమే యిర్మియా కొలువు.

ఇప్పుడు ఆ చప్పుడు అతనికి వినబడడం లేదు.

ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు. పేలుళ్ల దగ్గర, డ్రిల్లు మిషన్ల పక్కన గడిచిన ఏళ్లు కొంచెం కొంచెంగా చెవుల్ని తినేశాయి. ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత వంటింట్లో కుక్కరు కూత పోయింది. ఆపైన చర్చిలో పాడే ఆడపిల్లల గొంతులు పోయాయి. రాయి మోత మాత్రం చాలాకాలం మిగిలింది. అదీ సన్నబడ్డాక అతనొక ఉపాయం పట్టాడు. కుడిచేత్తో తట్టేటప్పుడు ఎడమ అరచేతిని కప్పుకు ఆనించేవాడు. విడిన పొర అరచేతి కింద సన్నగా అదురుతుంది. గట్టి రాయి అదరదు. చెయ్యి అందనంత ఎత్తున్న చోట మాత్రం కడ్డీ పట్టుకున్న వేళ్లతోనే పోల్చుకోవాలి. అక్కడ అతనికి నమ్మకం తక్కువ. లోలోపల ప్రార్థన చేసుకుని "రాండ్రి" అనేవాడు. ఇంతవరకూ ఏమీ కాలేదు. దేవుడు చూసుకుంటున్నాడు అనుకునేవాడు.

చెవులు పోయాయని చెబితే ఇంకోచోట అయితే పని పోతుందని భయం. ఇక్కడి సంగతి వేరు. ఈ బొగ్గు బాయిల మీద ఒక పద్ధతి ఉంది. రిటైరయ్యే వయసు రాకముందే మనిషికి జబ్బుచేసి, డాక్టర్ల బోర్డు అతన్ని పనికి అన్‌ఫిట్ అని తేలిస్తే, ఆ చోటులోకి కొడుకును తీసుకుంటారు. కాబట్టి అన్‌ఫిట్ అనే మాట ఇక్కడ శాపం కాదు. ఇళ్లల్లో ఆ మాట కోసం ఎదురుచూస్తారు. చెవులు బాగున్నవాళ్లు కూడా చెవిటి వేషం వేస్తారని చెప్పుకుని నవ్వుకుంటారు. యిర్మియా కొడుకు ఇమ్మాన్యుయేల్ డిగ్రీ చదివి, లక్ష్మీనగర్‌లో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో నిలబడుతున్నాడు. తండ్రి ఒక్కమాట అంటే వాడి బతుకు గట్టెక్కుతుంది.

ఆ ఒక్కమాట అనకుండా యిర్మియా రోజులు నెడుతున్నాడు. దానికి కారణం ఒకటే. కొడుకుతో కలిసి ఒక్క షిఫ్టు దిగాలని అతని కోరిక.

అతనికి ఈ పని నేర్పింది అతని తండ్రి. ఆ రోజుల్లో తండ్రి పనిలో ఉండగానే కొడుక్కీ పని దొరికేది. ఇద్దరూ కొన్నేళ్లు ఒకే బాయిలో దిగారు. తండ్రి తట్టేవాడు, కొడుకు దీపం పట్టేవాడు. తట్టి, కొడుకు వైపు తిరిగి "ఏమన్నది?" అని అడిగేవాడు. రాయి ఏమన్నదో కొడుకు చెప్పాలి. తప్పు చెబితే టోపీ మీద టక్కున ఒక దెబ్బ. అలా తెలిసింది పని. ఇప్పటి పద్ధతిలో తండ్రి బయటికి వచ్చాకే కొడుకు లోపలికి వెళ్లాలి. మధ్యలో నెలలు గడుస్తాయి. ఇద్దరి పేర్లూ ఒకే రోజు మస్టరులో పడవు. అయితే బయటి పిల్లల్ని తీసుకునేందుకు కంపెనీ ఒక పరీక్ష పెట్టింది. ఇమ్మాన్యుయేల్ రాశాడు. అందులో పాసైతే తాను లోపలుండగానే వాడూ వస్తాడు. ఆ ఫలితం కోసమే యిర్మియా చెవుల సంగతి దాచాడు.

ఇంట్లో ఇద్దరే. భార్య సుసన్నా పోయి రెండేళ్లయింది. ఆమె ఉన్నప్పుడు ఎదురుగా నిలబడి, చేతులు తిప్పుతూ, గట్టిగా మాట్లాడేది. ఆమె మాటల్లో ఒక్కటి కూడా అతనికి వినబడకుండా పోయేది కాదు. ఆమె వెళ్లాక ఇంట్లో మాటే లేదు. కొడుకు వస్తాడు, తింటాడు, ఫోను చూసుకుంటాడు. తండ్రి వండుతాడు, గిన్నెలు కడుగుతాడు, పడుకుంటాడు. వాడికి నాతో చెప్పేదేమీ లేదు కాబోలు అనుకునేవాడు యిర్మియా.

షిఫ్టు దిగి వచ్చేటప్పుడు ఛాయ్ దుకాణం దగ్గర మొగిలి కూర్చుని ఉంటాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే జట్టు. దమ్ము జబ్బుతో మొగిలి అన్‌ఫిట్ అయ్యాక అతని కొడుకు ప్రశాంత్ పనిలో చేరాడు. మొగిలి గొంతు పెద్దది. దగ్గరగా కూర్చుంటే యిర్మియాకు బాగానే అందుతుంది.

"ఏంది బావా, ఇంక బోర్డుకు పెట్టుకోలే? అరవై అంచుల వడ్డవు."

"పెట్టుకుంట తియ్యి."

"చెవులని చెప్పు. కండ్లంటే అద్దాలిస్తరు, మోకాళ్లంటే గోలీలిస్తరు. చెవులే మంచిగ. ఎనుకకెల్లి నీ ఆస్తి మొత్తం తగలవడ్తుందని చెప్పినా తిరిగి సూడొద్దు."

"నా ఆస్తేమున్నది బావా తగలవడనీకి."

"అందుకే గదా, నీకు అల్కగుంటది!" మొగిలి దగ్గుతూ నవ్వాడు. నవ్వు ఆగాక గ్లాసులోకి చూస్తూ, "మా పోరడు నేను దిగిన బాయిలనే దిగుతుండు. ఏ దిక్కు పని చేస్తున్నవురా, ఆడ నీళ్లూరుతున్నయా అంటె, నీకెందుకు బాపు, గిప్పుడంత మారింది అంటడు. మారింది సరే, ఏం మారిందో చెప్పరాదురా అంటే ఫోన్ వచ్చిందంటడు. నేను గీడ కూసుంట."

ఇద్దరూ ఛాయ్ తాగి లేచారు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి లిల్లీ వచ్చి ఉంది. ఆమె యిర్మియా పెద్దబిడ్డ, పెద్దపల్లిలో జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. క్లాసులో అరిచి అరిచి ఆమెకు ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడడం అలవాటు. ఆమె వచ్చినప్పుడల్లా యిర్మియాకు ఇల్లు ఇల్లులా ఉండేది. ఆమె వంటింటి గడపలో కూర్చుని వంకాయలు కోస్తోంది. ఇమ్మాన్యుయేల్ గోడకు ఆనుకుని ఫోను చూస్తున్నాడు.

"ఇయ్యాల ఏం చదివిండ్రు బాపు?"

"వంశావళి. ఆయన ఈయనను కన్నడు, ఇన్నేండ్లు బతికిండు, సచ్చిపోయిండు."

"నిద్రపోయినవా మరి?"

"లే, లెక్క చేసిన. మొదటి మనిషి ఇంక బతికుండంగనే, ఓడ కట్టినాయన తండ్రి పుట్టిండు బిడ్డా. తొమ్మిది తరాలు ఒక్కసారే భూమ్మీద ఉన్నయి. ఎవనికన్న ఏదన్న తెల్వకపోతే పోయి మొదటాయన్నే అడగొచ్చు. అందుకే దేవుడు వాళ్లకు అంత ఆయుస్సు ఇచ్చిండేమో. ఎవ్వడు ఒంటరిగ నేర్చుకునే పని లేకుంట."

లిల్లీ కత్తి ఆపింది. "నేను చెప్పే పాఠంల గూడ ఇదే ముచ్చట ఉన్నది బాపు. పేర్లే వేరు."

"మీ పాఠంల దేవుడు ఉంటడా?"

"పరీక్షల అడగరు," అని నవ్వింది. "వరి సూడు. గింజ పండంగనే మొక్క పనైపోతది. ఆ గింజ తాలైందనుకో, ఆ మొక్క కత ఆడికే ఒడిసె. చింతచెట్టు అట్ల గాదు. ఈ యేడు కాయ చెడ్డా చెట్టున్నది, మల్ల కాస్తది. దాని కిందనే దాని పిల్ల మొలుస్తది. తల్లీ పిల్లా కలిసి బతుకుతయి."

"ఇది నాకెర్కనే."

"ఆగు మరి. నువ్వు బాయిలకెల్లి ఒక రాయి తెచ్చినవు సూడు, ఆకు అచ్చు ఉండె దాని మీద. ఆ ఆకుకంటె శాన శాన ముందుగాల, చెట్లు లేవు, చేపలు లేవు. నీళ్లల్ల సన్న బుడగల లెక్క ఏవో ఉండెనంటరు. తల్లి గుణం పిల్లకు ఉన్నదున్నట్టు పోయే తొవ్వ అప్పటికింక సరిగ్గ పడలే. పిల్ల తల్లి తీరు పుట్టొచ్చు, చెడిపోయి పుట్టొచ్చు. తల్లే పగిలి రెండు పిల్లలైందనుకో, ఇగ తల్లి లేదు. ఆ పిల్లలు చెడితే ఆ మంచి గుణం లోకంలనే లేకుంట పోతది. అట్ల గాక, తల్లి అట్లనే ఉండి పక్కకు ఒక పిల్లను విడిచిందనుకో, పిల్ల చెడ్డా తల్లి మిగిలె. మల్లొకటి విడుస్తది. పుట్టుడే గాదు బాపు, పుట్టినంక ఎంతకాలం నిలబడ్డదనేది గూడ ప్రకృతి చేసే ఎంపికనే. అట్ల నిలబడ్డయాటి తోటే జీవం ముందటికి నడిచిందేమో అని కొందరంటున్నరు. ఎవ్వరు సూసిరాలే, అనుకుంటున్నరు."

తన బోటి మనిషికి కూడా అందేలా ఉంది మాట అనుకున్నాడు యిర్మియా. "అంటె ముసలోళ్లు ఉండాలె అన్నట్టు."

"ఉండాలె. కాని ఇంకో దిక్కు గూడ ఉన్నది. పాతయి పోకుంట జాగంత పట్టుకోని కూసుంటె కొత్తయి ఏడ మొలవాలె? కాలం మారినప్పుడు పాతయి ఎక్కువుంటె మారుడు నిదానమైతది."

ఇమ్మాన్యుయేల్ ఫోన్లోంచి తల ఎత్తకుండా ఏదో అన్నాడు. లిల్లీ ఫక్కున నవ్వి వాడి వీపు మీద చరిచింది. యిర్మియా కూడా నవ్వాడు. వాడేమన్నాడో అతనికి తెలియలేదు.

"మరి దేవుడు దేన్ని మంచిదన్నడు బిడ్డా? వరినా, చింతనా?"

"రెండు ఆయనే చేసిండు గదా బాపు," అంది లిల్లీ. ఆ తర్వాత వంకాయలు నల్లబడుతున్నాయని గాభరాపడి నీళ్లలో వేసింది.

మధ్యాహ్నం ఆమె బస్సెక్కి వెళ్లిపోయింది. ఇంట్లో మళ్లీ ఆ నిశ్శబ్దం పడింది. తల్లి పక్కన ఉండగానే పిల్ల నిలదొక్కుకోవాలని లిల్లీ చెప్పిన మాట, జాగా ఖాళీ చేయాలన్న మాట, రెండూ అతన్ని కూర్చోనివ్వలేదు. పరీక్ష ఫలితం వస్తుందో రాదో. అది పక్కన పెట్టి, నాకు తెలిసింది వాడికి బయటే చెప్పేసి బోర్డుకు పోతే సరిపోతుంది కదా అనిపించింది.

"లెవ్వు," అన్నాడు కొడుకుతో. "కడ్డీ తీసుకో. ఫోను ఇంట్ల పెట్టు."

వాళ్ల ఇళ్ల వరుసకు వెనక ఉన్న కంపెనీ క్వార్టర్లు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. తలుపులు, కిటికీలు ఎవరో పట్టుకుపోయారు. స్లాబులు పెచ్చులూడుతున్నాయి. యిర్మియా కొడుకును అలాంటి ఒక ఇంట్లోకి తీసుకెళ్లి గది మధ్యలో నిలబెట్టాడు.

"తట్టు."

"ఏం తట్టాలె?"

"కప్పు తట్టు. ఏమంటదో చెప్పు."

ఇమ్మాన్యుయేల్ మొహమాటంగా కడ్డీ ఎత్తి తట్టాడు. కడ్డీ ఎగిరిన తీరు చూసి యిర్మియా, "గట్టిగున్నది," అన్నాడు. ఇంకోచోట తట్టించాడు. అదీ చూసి తానే సరిగ్గా చెప్పాడు. అతనికి హుషారు వచ్చింది. కడ్డీ తానే తీసుకుని గది నడిమధ్య నిలబడి తట్టాడు. వేళ్లకు గట్టిగానే తగిలింది.

"ఇది ఫస్టుక్లాసు. దీని కింద కూసోని సద్ది తినొచ్చు."

కొడుకు పెదవులు కదిలాయి. ముఖం చిట్లించాడు.

"ఏమన్నవ్?"

"మంచిగేడున్నది బాపు? డొల్ల మోగుతుంది!"

"మోగదు. సూడు," అని యిర్మియా మళ్లీ కొట్టాడు. ఎవరో భుజం పట్టి ఈడ్చినట్టయింది. వెనక్కి పడబోయి గోడ పట్టుకున్నాడు. అతను నిలబడ్డ చోట పెద్ద పళ్లెమంత సిమెంటు పెచ్చు పడి ముక్కలైంది. గదంతా దుమ్ము. కొడుకు ఇంకా అతని చొక్కా పట్టుకునే ఉన్నాడు.

"నీకు ఇనవడలేదా?"

"ధ్యాస యాడనో ఉండె," అని యిర్మియా కడ్డీ కోసం వంగాడు. లేచి తిరిగేసరికి ఇమ్మాన్యుయేల్ వెనకే నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది.

"ఏంది?"

"పిలిచిన," అన్నాడు వాడు, ఈసారి ముఖంలో ముఖం పెట్టి. "ఇప్పుడే. మల్ల మల్ల పిలిచిన."

యిర్మియా కడ్డీకి అంటిన దుమ్ము తుడవసాగాడు.

"ఎన్నొద్దులాయె బాపు?"

"శాన్నాళ్లాయె."

ఇమ్మాన్యుయేల్ గడప మీద కూలబడ్డాడు. తల ఎత్తి, తండ్రి తనవైపు చూస్తున్నాడని తెలుసుకున్నాక మాట్లాడాడు. "అమ్మ పోయినంక నేను ఎన్నిమాట్ల మాట్లాడిచ్చిన నీతోని. నువ్వు పలుకకపోదువు. అమ్మను దవాఖానకు ఆలస్యంగ తీస్కపోయిన్నని నా మీద కోపమున్నదనుకున్న. ఇగ ఏం మాట్లాడాలె? మానేసిన."

"నీ మీద కోపమా? నాకా?" అన్నాడు యిర్మియా. అలాంటి తలంపే అతనికి ఎన్నడూ కలగలేదు. ఈ రెండేళ్లలో కొడుకు తన వీపుకు ఎన్ని మాటలు చెప్పుకున్నాడో. అవన్నీ ఎక్కడికి పోయాయో. "నీకే నాతోని ముచ్చట లేదనుకున్న కొడుకా," అన్నాడు చివరికి.

తర్వాత ఇమ్మాన్యుయేల్ అడిగాడు. "మరి లోపట ఇన్నాళ్లు ఎట్ల చేసినవ్?"

యిర్మియా మూలన పడి ఉన్న పాత డ్రమ్ము దొర్లించి తెచ్చి, దానిమీదికి కొడుకును ఎక్కించాడు. వాడి ఎడమ చేతిని స్లాబుకు ఆనించమని కింద నుంచి తట్టాడు. విడిన పెచ్చు దగ్గర తట్టినప్పుడు వాడి కళ్లు పెద్దవయ్యాయి. "అదురుతుంది!" అన్నాడు. ఇంకోచోట పెట్టి, "గిక్కడ అదురుత లేదు," అన్నాడు. కొంతసేపు ఆ పనిలో ఇద్దరికీ లోకం తెలియలేదు.

దిగాక ఇమ్మాన్యుయేల్ చెయ్యి దులుపుకుంటూ అడిగాడు. "ఇది చెయ్యందినకాడి ముచ్చట. ఎత్తున్నకాడ?"

యిర్మియా డ్రమ్మును మళ్లీ మూలకు దొర్లించసాగాడు.

"ఎత్తున్నకాడ ఎట్ల బాపు?"

"ప్రార్థన చేసుకోని పోత."

"నీ ప్రార్థన మంచిదే. ఎనుక నిలబడ్డోళ్లను అడిగినవా, మీరు గూడ ప్రార్థన చేసుకోండ్రి అని?"

ఆ మాటలో ఎగతాళి లేదు. అందుకే అది లోపలికి దిగింది. ఇన్నాళ్లూ ఏమీ కానందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాడే గాని, ప్రతిరోజూ తానే దేవుడికి పరీక్ష పెడుతున్నానని అతనికి తోచలేదు. తన ఒక్క కోరిక కోసం పదిమంది నెత్తిమీద రాయిని నిలబెట్టమని అడగడం ఎక్కడి భక్తి?

"రేపు నేనొచ్చి చెప్పాల్నా?" అన్నాడు కొడుకు.

"నువ్వు చెప్తే నవ్వుతరు. కొలువు కోసం అంటున్నడంటరు. నేనే చెప్త."

మర్నాడు పొద్దున షిఫ్టుకు బాయి మొగదల దగ్గర జట్టు అంతా చేరింది. సదానందం అని సర్దారు, యిర్మియాకంటే చాలా చిన్నవాడు, ఆ రోజు పనులు పంచుతున్నాడు. యిర్మియా దీపం నడుముకు కట్టుకోకుండా చేత్తో పట్టుకుని అతని దగ్గరికి వెళ్లాడు.

"సదానందం, నాకు చెవులు ఇనవస్తలేవు. కప్పు సూడనీకి ఇంకెవరినన్న పెట్టు."

సదానందం ముందు తెల్లబోయి, తర్వాత పెద్దగా నవ్వాడు. "బోర్డు తారీఖు వచ్చిందా యిర్మియన్నా? ఇప్పటిసంది రిహార్సల్సా?"

చుట్టూ ఉన్నవాళ్లు అందుకున్నారు. "మంచిగనే చేస్తుండు, కాని ముఖం ఇంకింత అమాయకంగ పెట్టాలె." "గీ వేషానికి మొగిలి కాక దగ్గర ట్యూషన్ తీస్కున్నడు." యిర్మియాకు ముక్కలు ముక్కలుగా అందింది. మిగతాది వాళ్ల పళ్లు చూసి తెలుసుకున్నాడు.

"నిజమే చెప్తున్న."

"సరే అన్నా, నిజమే. కాని కప్పు సూసే ఇంకొకడు, ఆ తిరుమల ఇయ్యాల రాలే. నువ్వు గూడ లేకపోతె కప్పు ఎవరు సూడాలె? ఈ ఒక్క షిఫ్టు కానియ్యి, రేపు దొరకు చెప్పుదాం."

ఒక్క షిఫ్టు. దిగితే దిగొచ్చు. ఇన్నేళ్ల పనికి చివరి రోజని మనసులో అనుకుని, ప్రతి దుంగనూ తడిమి, బయటికి రావచ్చు. ఎవరూ తప్పు పట్టరు. కాళ్లు అటే లాగాయి. అతను దీపం వైపు చూసుకున్నాడు.

"నేను అటు తిరుగుత," అన్నాడు. "ఎనుకకెల్లి నువ్వు ఏదన్న అను. ఏదన్న సరే. నేను తిరిగితే నీ మాటే నిజం."

వాళ్లకు ఆటలా తోచింది. యిర్మియా వీపు తిప్పి నిలబడ్డాడు. ఎదురుగా ల్యాంపు గది గోడ, దాని మీద జాగ్రత్తలు రాసిన బోర్డు, బోర్డు కింద ఎవరివో చెప్పులు. వెనక ఏమవుతోందో అతనికి తెలియదు. గాలి మెడకు తగులుతోంది. చాలాసేపు అయినట్టనిపించింది. ఎవరూ భుజం తట్టలేదు. చివరికి తానే తిరిగాడు.

ఎవరూ నవ్వడం లేదు. ఒకతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సదానందం కళ్లు కిందికి దించుకున్నాడు.

"ఏమన్నవ్?" అని అడిగాడు యిర్మియా.

సదానందం తల అడ్డంగా ఊపాడు. "ఏం లేదన్నా."

సుసన్నా పేరు ఎత్తి ఏదో అని ఉంటాడని, ఏ మనిషైనా తిరిగి చెంప పగలగొట్టే మాట అయి ఉంటుందని ఆ తర్వాత అనుకున్నాడు. కాని అదేమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. అతనూ మళ్లీ అడగలేదు. దీపం తిరిగి ఇచ్చేశాడు.

ఆ పూట ఇంకో బాయి నుంచి మనిషిని పిలిపించేదాకా జట్టు పైనే కూర్చుంది. దొర, అంటే బాయి మేనేజరు, యిర్మియాకు భూమ్మీదే పని ఇచ్చాడు, దీపాలు అందించే గదిలో. కిందికి దిగేవాళ్లు వరుసగా వచ్చి దీపాలు తీసుకుంటుంటే అతను కిటికీలోంచి చేతులు మాత్రం చూసేవాడు. చేతుల్ని బట్టే ఎవరెవరో చెప్పగలిగేవాడు. కొన్నాళ్లకు బోర్డు పిలిచింది. చెవులకు యంత్రం తగిలించి చూశారు. యంత్రం ముందు ఎవరి వేషమూ నడవదు గనుక అతని మాట నమ్మారు. పరీక్ష ఫలితం కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. అందులో ఇమ్మాన్యుయేల్ నంబరు లేదు. తాను దాచుకున్న ఆశకు ఆధారమే లేదని తెలిసి యిర్మియా ఒక పూట అన్నం తినలేకపోయాడు.

కొడుక్కు కొలువు కాగితాలు వచ్చేసరికి వానాకాలం దాటింది. శిక్షణ అయ్యాక వాడిని కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టుకు వేశారు. అక్కడ భూమిని పైనుంచే తవ్వుతూ పోతారు. అంత పెద్ద గుంతలో మనిషి ఎండలోనే నిలబడతాడు.

"అక్కడ కప్పు ఉండదు గదా," అన్నాడు యిర్మియా.

"ఉండదు బాపు. మీద మొగులే." వాడు తండ్రి ఎదురుగా కూర్చుని, ఒక్కో మాట విడమరిచి చెప్పాడు. ఈమధ్య అలాగే మాట్లాడుతున్నాడు. కాకపోతే డ్యూటీలు తిరుగుతుంటాయి. వాడు ఇంట్లో ఉండేది తక్కువ, ఉన్నప్పుడు నిద్రపోయేది ఎక్కువ.

యిర్మియా తన చేతుల వైపు చూసుకున్నాడు. ఏ పని చేతిలో పెడదామని ఇంత ఆరాటపడ్డాడో, ఆ పని కొడుకు బతుకులో అక్కరకే రాదు. నవ్వొచ్చింది. దేవుడు వరిని చేశాడు, చింతను చేశాడు. నన్ను ఏదిగా చేశాడో చెప్పలేదు, అనుకున్నాడు.

"నీకు ఆడ చెప్పెటోళ్లెవ్వరన్న ఉన్నరా?" అని అడిగాడు.

"ఉన్నడు. ఎల్లన్న అని ముసలాయన. రిటైరు దగ్గరికొచ్చిండు. వద్దన్నా వెంబడి తిప్పుకుంటడు. గట్టు అంచుకు పోతే తిడ్తడు. బండి ఎనుకకొస్తె ఏ దిక్కు నిలబడాలె, వానవడ్డంక మట్టి ఏ రంగుంటె జారుతది, అన్ని చెప్తడు. చెప్పినంక మల్ల నన్నే అడుగుతడు."

"ఏమని?"

"ఏం సమజైందిరా అని."

"తప్పు చెప్తె?"

"బూతులు తిడ్తడు."

యిర్మియా తలూపాడు. "ఆయన కొడుకు?"

"కొడుకుల్లేరు. బిడ్డలే. పెండ్లిళ్లయి పోయిండ్రు. వంట మనిషి లేక రోజు బన్ను తింటడు పాపం."

మర్నాడు పొద్దున యిర్మియా చీకటితోనే లేచి అన్నం వండాడు. చిక్కుడుకాయ కూర చేశాడు. కొడుకు డబ్బా కట్టేటప్పుడు పక్కన ఇంకో డబ్బా పెట్టి, దాన్లో అన్నం నొక్కి నింపి, మీద కూర వేశాడు.

"ఇదెవరికి బాపు?"

"ఆ ఎల్లన్నకియ్యి. కారం తక్కువేసిన అని చెప్పు. ముసలి కడుపు గదా."

"ఆయన తీస్కోడు. మొండోడు."

"మా బాపు పంపిండని చెప్పు. తీస్కుంటడు."

ఇమ్మాన్యుయేల్ రెండు డబ్బాలూ సంచిలో సర్దుకుని బండి తీశాడు. సందు మలుపు దగ్గర వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. వినబడలేదు. యిర్మియా చెయ్యి ఎత్తాడు.

లోపలికి వచ్చి గిన్నెలు కడిగి, ఇల్లు ఊడ్చి, చాలాసేపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నం కూర గిన్నె మూత తీసి చూస్తే, రెండు డబ్బాలకు పోను అడుగున రెండు ముక్కలే ఉన్నాయి. వాటిని కంచంలో ఒక పక్కకు పెట్టుకుని, మజ్జిగ పోసుకుని అన్నం తిన్నాడు.